కొత్త ఏసీ పైపుల్లో మిగిలే గాలి, తేమ: వాక్యూమ్ ఎందుకు తీయాలి, తీసినట్టు ఎలా నిర్ధారించుకోవాలి

ముందుగా మీ ప్రశ్న సారాంశం. తిరుపతి కొర్లగుంటలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ పెట్టించారు. అందులో గ్యాసు ఆర్‌-32. రాగి పైపులను మాత్రం ఇల్లు కడుతున్నప్పుడే, నిరుటి కార్తీక మాసపు వానలకు ముందే, గోడ లోపలి నుంచి వేయించి పెట్టారు. ఇప్పుడు ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్ పైపుల్లోని గాలిని లాగి ఖాళీ చేసే వాక్యూమ్ పంపు తీసుకురాలేదు. ఔట్‌డోర్ యూనిట్‌లో ఉన్న గ్యాసునే కొన్ని క్షణాలు పైపుల గుండా వదిలి, ఆ తోపుకు గాలంతా బయటికి పోయిందని చెప్పి నట్లు బిగించి వెళ్లిపోయాడు. చిత్తూరులో మీ బావమరిది ఇంట్లో ఏసీ పెట్టినప్పుడు మాత్రం ముప్పావు గంటపాటు పంపు ఆడించారు. వీటిలో ఏది సరైన పద్ధతి, పది రోజులుగా నడుస్తున్న ఏసీకి ఇప్పుడేమైనా చేయించాలా అని అడిగారు.

చిత్తూరులో జరిగిందే సరైన పని. మీ ఏసీకి కూడా పని మళ్లీ చేయించవలసిందేనని నా అభిప్రాయం. పంపు వాడకపోవడం ఒక్కటే అయితే, పైపులు కొత్తవీ పొట్టివీ అయితే, ఇంత గట్టిగా చెప్పేవాడిని కాను. మీ పైపులు ఒక వానకాలమంతా గోడలో ఉండి వచ్చాయి. నా ఆందోళన అక్కడ. అయితే ఏసీ ఇప్పటికే నడిచింది కాబట్టి ఈ పని మామూలుగా కొత్త ఏసీకి చేసినట్టు చేస్తే సరిపోదు. ఆ తేడా ఏమిటో తెలియాలంటే అసలు ఆ పైపుల్లో ఏముంటుందో, పంపు చేసే పని ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు ఔట్‌డోర్ యూనిట్‌లోని తేమను పూర్తిగా తీసి, కొలిచిన గ్యాసు నింపి, రెండు వాల్వులు మూసి పంపుతారు. మన జిల్లాలోనే శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్ వంటి సంస్థలు ఏసీలు తయారు చేస్తున్నాయి. ఏ కంపెనీ అయినా ఈ మెట్టును దాటవేయదు. ఇండోర్ యూనిట్‌ను కూడా చాలావరకు కొద్దిపాటి నైట్రోజన్ నింపి, మూతలు బిగించే పంపుతారు. ఆ మూత విప్పగానే సుయ్‌మని శబ్దం వస్తే లోపలి కాయిల్ పొడిగా ఉన్నట్టు. ఆ శబ్దం రాకపోతే అక్కడే ఆగి కారణం వెతకాలి. అయితే మూతలు విప్పి పైపులు కలిపిన తరువాత ఇండోర్ కాయిల్‌లోనూ పైపుల్లోనూ మన గదిలోని గాలే నిండుతుంది. ఐదారు మీటర్ల పైపు, కాయిల్ కలిపి లోపలి ఖాళీ సుమారుగా రెండు లీటర్లు అనుకోండి. ఆ రెండు లీటర్ల గాలి, అందులోని తేమ, పైపు గోడలకు అంటుకున్న తేమ, ఈ మూడింటినీ బయటికి పంపిన తరువాతే గ్యాసును లోపలికి వదలాలి.

గాలి చేసే హాని ఒకటి, తేమ చేసే హాని మరొకటి. ఏసీ గ్యాసు ఔట్‌డోర్ కాయిల్‌లో వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. గాలి ఆ పీడనంలో ద్రవం కాదు. కాయిల్‌లో చోటు ఆక్రమించి అలాగే ఉండిపోతుంది. అందువల్ల గ్యాసు చల్లబడడానికి దొరికే జాగా తగ్గి, పీడనం పెరిగి, అదే చల్లదనానికి కంప్రెసర్ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద ఎండలో నిలబడే ఔట్‌డోర్ యూనిట్‌కు అసలే పీడనం ఎక్కువ. దానికి ఇది తోడైతే మధ్యాహ్నం పూట యంత్రం తననుతాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది.

తేమ హాని ఇంత త్వరగా కనిపించదు. తేమ ఎక్కువగా ఉంటే, ద్రవమైన గ్యాసును సన్న దారి గుండా పంపి పీడనం తగ్గించే క్యాపిలరీ లేదా ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది. కాసేపు చల్లగా వస్తుంది, కాసేపు మామూలు గాలి వస్తుంది, ఆపి మళ్లీ వేస్తే బాగానే ఉంటుంది. తేమ తక్కువైతే అదీ ఉండదు, కాని అది కంప్రెసర్ నూనెలోకి చేరుతుంది. పాత ఆర్‌-22 ఏసీల్లో వాడిన మినరల్ ఆయిల్ నీటిని పెద్దగా పీల్చుకునేది కాదు. ఆర్‌-410ఏ, ఆర్‌-32 ఏసీల్లో ఎక్కువగా వాడే పాలియోల్ ఎస్టర్ నూనె తెరిచి పెడితే చాలు, గాలిలోని తేమను లాగేసుకుంటుంది. కంప్రెసర్ వేడికి ఆ నూనె, నీరు కలిసి ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లం మోటారు చుట్ల మీది పూతను, లోపలి లోహ భాగాలను మెల్లగా తింటుంది. రెండు మూడు వేసవులు గడిచాక కంప్రెసర్ కాలిపోతే, ఏసీ పెట్టిన రోజున పంపు పెట్టకపోవడానికీ దీనికీ సంబంధం ఉందని ఇంట్లోవాళ్లకు తట్టదు. ‘ఆర్‌-22 రోజుల నుంచి ఇలాగే చేస్తున్నాం, ఏం కాలేదు’ అనే పాత మెకానిక్‌ల మాటలో అబద్ధం లేదు. అప్పటి నూనె వేరు, ఇప్పటి నూనె వేరు.

ఇక మీ మెకానిక్ చేసిన పని. గ్యాసు వదిలి గాలిని తోసేయడాన్ని పర్జింగ్ అంటారు. పైపు మధ్యలో ఉన్న గాలిని అది చాలావరకు తోసేస్తుందని ఒప్పుకోవాలి. ఇండోర్ కాయిల్‌లో పైపు పలు పాయలుగా చీలిపోయే చోట, వంపుల దగ్గర, వెనక్కి తిరిగే మూలల్లో కొంత గాలి మిగిలిపోతుంది. పైపు గోడలకు అంటుకున్న తేమను మాత్రం క్షణాల్లో దాటిపోయే గ్యాసు ఏమీ చేయలేదు. పైగా ఒకటిన్నర టన్ను ఆర్‌-32 ఏసీల్లో ఎన్నిటికో మొత్తం గ్యాసు కిలో లోపే ఉంటుంది. అందులోంచి కొలత లేకుండా కొంత వదిలేస్తే ఆ లోటు యంత్రం నడిచినంతకాలం ఉంటుంది. ఆర్‌-32 స్వల్పంగా మండే వాయువు. గాలిలో సుమారు 14 శాతం చేరితేనే అంటుకుంటుంది కాబట్టి మేడ మీద ఆరుబయట ప్రమాదం తక్కువే, కాని గాలి ఆడని బాల్కనీలో, పక్కనే ఎవరో సిగరెట్ కాలుస్తుండగా వదలకూడదు. ప్రొపేన్ అయిన ఆర్‌-290 వాడే ఏసీలకైతే ఈ పద్ధతిని ఆలోచనలోకే రానివ్వకూడదు.

వాక్యూమ్ పంపు నీటిని పీల్చి బయటికి లాగుతుందని చాలామంది అనుకుంటారు. అది చేసేది నీటిని మామూలు వేడిలోనే మరిగించడం. తిరుమల కొండ మీద, దాదాపు 850 మీటర్ల ఎత్తున, నీళ్లు నూరు డిగ్రీల దాకా ఆగకుండా 97 దగ్గరే మరుగుతాయి; పైనున్న గాలి బరువు తగ్గడమే కారణం. ఆ బరువును ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోతే గది వేడికే నీరు మరిగి ఆవిరైపోతుంది. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. పైపు 30 డిగ్రీల వేడిలో ఉందనుకుంటే, పీడనం సుమారు 32 మిల్లీమీటర్లకు దిగినప్పుడే అందులోని నీరు మరగడం మొదలుపెడుతుంది. 40 డిగ్రీలైతే 55 మిల్లీమీటర్ల దగ్గరే మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం మెకానిక్‌కు చెమటలు పట్టినా పైపులకు మాత్రం అదే మంచి సమయం. ధనుర్మాసపు తెల్లవారుజామున చేసే వాక్యూమ్‌కు ఎక్కువసేపు పడుతుంది.

మరగడం మొదలైతే పని అయిపోయినట్టు కాదు. ఆవిరి అయిన నీరు ఎంత చోటు ఆక్రమిస్తుందో లెక్క వేస్తే ఓపిక ఎందుకు కావాలో తెలుస్తుంది. ఒక నీటి బొట్టు బరువు సుమారు 50 మిల్లీగ్రాములు. వానకాలంలో తేమతో నిండిన 30 డిగ్రీల గాలి ఘనమీటరుకు దాదాపు 30 గ్రాముల నీటిని మోస్తుంది; ఆ లెక్కన మన రెండు లీటర్ల గాలిలో ఉండే నీరు ఇంచుమించు ఒక బొట్టు. ఆ ఒక్క బొట్టు మనం చేరదలచిన పీడనం దగ్గర, అంటే అర మిల్లీమీటరు దగ్గర, ఆవిరిగా నూరు లీటర్ల చోటు నింపుతుంది. ఆ నూరు లీటర్లూ సన్నటి హోస్ గుండా, ఔట్‌డోర్ యూనిట్‌కు ఆ హోస్ తగిలించే సర్వీస్ వాల్వులోని పిన్ను సందు గుండా పంపు దాకా రావాలి. గాలి తీయడం కొన్ని నిమిషాల పని; మిగతా సమయమంతా ఈ ఆవిరిని తీయడానికే పోతుంది. గోడలో మిగిలింది ఒక బొట్టు కాక ఒక చెంచా నీరైతే పంపు ఎంతసేపు ఆడినా ఒక్క పంపుతో తెమలదు.

అందువల్ల హోస్ పొట్టిగా, వీలైతే లావుగా ఉండాలి. సర్వీస్ వాల్వు లోపలి పిన్నును తాత్కాలికంగా బయటికి తీసే చిన్న పరికరం దొరుకుతుంది. అది వాడితే సమయం బాగా కలిసొస్తుంది. వాడకపోతే కనీసం హోస్ చివర ఆ పిన్నును నొక్కుతున్నదో లేదో చూడాలి. ఆర్‌-410ఏ, ఆర్‌-32 యంత్రాల సర్వీస్ పోర్టు చాలావాటిలో పాతవాటికంటే కాస్త పెద్దది, దానికి అడాప్టర్ కావాలి. అడాప్టర్ సరిగ్గా కూర్చోకపోతే పిన్ను నొక్కుకోదు. అప్పుడు గేజ్ ముల్లు పంపు వేసిన పది సెకన్లలోనే అడుగుకు పడిపోయి కదలకుండా నిలుస్తుంది. చూసేవాళ్లు పంపు భలే బలమైనదనుకుంటారు. ఖాళీ అయింది హోస్ ఒక్కటే. నిజంగా పైపుల్లోంచి లాగుతున్న పంపు మొదట గరగరమంటుంది, దాని పొగగొట్టం నుంచి సన్నగా నూనె పొగ వస్తుంది, ముల్లు కొద్దికొద్దిగా దిగుతుంది. తరువాత శబ్దం పలచబడి టకటకమనే పొడి చప్పుడుగా మారుతుంది.

ఇప్పుడు గేజ్ సంగతి. మెకానిక్‌లు వాడే ముల్లు గేజ్‌లో సున్నాకు కింద 30 అంగుళాల దాకా, లేదా 76 సెంటీమీటర్ల దాకా గీతలు ఉంటాయి. ముల్లు 30 మీదికి వచ్చిందంటే వాక్యూమ్ పూర్తయిందని నమ్మే అలవాటు అందరిలో ఉంది. తేమ పోయిందా లేదా అనే ప్రశ్నకు ఆ గేజ్ జవాబు చెప్పలేదు. వాక్యూమ్‌ను కొలిచే మైక్రాన్ అంటే పాదరసపు మిల్లీమీటరులో వెయ్యో వంతు. గాలి పీడనం మొత్తం 7,60,000 మైక్రాన్లు. మనం చేరవలసింది 500 మైక్రాన్ల లోపు. నీరు ఇంకా మిగిలి ఉండే 5,000 మైక్రాన్లకూ, పని పూర్తయిన 500 మైక్రాన్లకూ మధ్య ముల్లు కదలవలసిన దూరం ఒక అంగుళపు గీతలో అయిదో వంతు కూడా లేదు. ముల్లు మందమే దాన్ని కప్పేస్తుంది. పైగా ఎత్తును బట్టి కూడా అంకె మారుతుంది. తిరుపతిలో గాలి పీడనమే 29 అంగుళాల చిల్లర, చిత్తూరులో సుమారు 29 లేదా కాస్త లోపు, మదనపల్లెలో 27, 28 మధ్య. మదనపల్లెలో సరిగ్గా పనిచేసే గేజ్ పరిపూర్ణ శూన్యంలోనూ 30 చూపించదు. అక్కడ 30 చూపిస్తే గేజ్ సున్నా తప్పి ఉందని అర్థం. అందుకే అంకెల్లో చూపే మైక్రాన్ గేజ్ ఉన్న మనిషిని వెతుక్కోమని చెబుతాను. ఆ గేజ్‌ను పంపు నోటి దగ్గర కాకుండా యంత్రం వైపు పెట్టాలి. పంపు దగ్గర పెడితే అది పంపు గురించే చెబుతుంది.

పంపు మంచిదో కాదో చూడడం మీకూ కష్టం కాదు. అద్దంలోంచి కనిపించే నూనె నీళ్లలా తేటగా ఉండాలి. మజ్జిగలా తెల్లబడిందంటే అందులో నీరు చేరింది, ఆ పంపు మీ పైపుల తేమను లాగలేదు. నూనె మార్చడం అయిదు నిమిషాల పని, అయినా బద్ధకిస్తారు. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను చెక్కకు బిగించి పంపుగా వాడేవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. అది గాలిని చాలావరకు తీస్తుంది, తేమను తీయవలసిన లోతుకు పోలేదు. ఇంకొందరు ఏసీ కంప్రెసర్‌నే ఆడించి గాలి తీస్తారు. అది కంప్రెసర్‌కు చేసే ద్రోహం, అలా చేయనివ్వకండి. వాక్యూమ్ ఉండగా కూడా కంప్రెసర్ వేయకూడదు, లోపల మోటారు తీగల దగ్గర నిప్పురవ్వలు పుట్టే వీలుంది. పంపు ఆడుతుండగా కరెంటు పోతే వెంటనే మానిఫోల్డ్ (గేజ్‌లు, హోస్‌లు బిగించే దిమ్మ) వాల్వు మూయమని చెప్పండి. లేకపోతే కొన్ని పంపుల నుంచి గాలి, నూనె వెనక్కి పైపుల్లోకి పోతాయి.

మీ విషయంలో అసలు చిక్కు గోడలోని పైపు. ఇల్లు కడుతున్నప్పుడు పైపు చివరలకు ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. అది సిమెంటు పనివాళ్ల చేతిలోనే చిరిగిపోతుంది. తిరుపతిలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మేడ మీద పైకి తిరిగి ఉన్న పైపు నోట్లోకి నీరు చేరితే గోడలో ఎక్కడ వంపు తగ్గుగా ఉందో అక్కడ నిలబడిపోతుంది. సిమెంటు పొడి, ఇసుక, చీమలు కూడా చేరతాయి. రాగి పైపు చివరలను నొక్కి వెల్డింగ్ చేసి, లోపల కొద్దిగా నైట్రోజన్ నింపి వదలడమే పద్ధతి. ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క మాట తాపీమేస్త్రీకి కాక ఏసీ మనిషికి చెప్పి చేయించుకోండి.

ఇలాంటి పైపుకు పంపు కన్నా ముందు నైట్రోజన్ కావాలి. ఇండోర్, ఔట్‌డోర్ రెండు వైపులా పైపులు విప్పి, లావు పైపు ఒకసారి, సన్న పైపు ఒకసారి, విడివిడిగా పొడి నైట్రోజన్ వేగంగా పోనివ్వాలి. అవతలి చివర తెల్లటి గుడ్డ పట్టి చూడాలి. మొదటి ఊపుకు గుడ్డ మీద నీటి చుక్కలు, బూడిద రంగు సిమెంటు మరక పడవచ్చు. పచ్చటి మరక వస్తే నీరు చాలాకాలం నిలిచి రాగిని తిన్నదని అర్థం, ఆ పైపు మార్చడమే నయం. గుడ్డ పొడిగా, తెల్లగా వచ్చేదాకా ఊదాలి. నోటితో ఊదడం, పంక్చర్ షాపు గాలి ఊదడం రెండూ తేమను ఇంకా పెంచుతాయి. ఆక్సిజన్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ పైపులోకి ఎక్కించకూడదు. వెల్డింగ్ చేసేవాడి దగ్గర సిలిండర్ ఉంది కదా అని ఎవరైనా దాన్ని తగిలించబోతే చేయి పట్టుకుని ఆపండి. పీడనంలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే పేలుతుంది, అలా ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.

తరువాత పైపుల చివరలు కొత్తగా ఫ్లేర్ చేసి (గరాటు అంచులా విప్పార్చి), లోపలి అంచు గరుకు తీసేసి, నట్లు బిగించి, ఔట్‌డోర్ వాల్వులు మూసే ఉంచి, పైపుల్లోకి రెగ్యులేటర్ ద్వారా నైట్రోజన్ ఎక్కించి లీకేజీ చూడాలి. ఆర్‌-32 గ్యాసు 35 డిగ్రీల వేడిలో ఊరికే నిలబడి ఉన్నా సుమారు 300 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం చూపిస్తుంది కాబట్టి పరీక్ష దానికి మించి, 450 నుంచి 500 పీఎస్‌ఐ దాకా ఉండాలి. యూనిట్ ప్లేటు మీద రాసిన గరిష్ఠ పీడనాన్ని మాత్రం దాటకూడదు. సబ్బు నురగ ప్రతి నట్టుకూ రాయాలి. రాత్రంతా ఉంచగలిగితే ఇంకా మంచిది. సాయంత్రం 500 ఉన్నది పొద్దునకు 492 అయితే కంగారు పడకండి. అయిదు డిగ్రీలు చల్లబడినందుకే అంత తగ్గుతుంది. అంతకు మించి తగ్గితే వెతకాలి.

నైట్రోజన్ వదిలేశాక పంపు పెట్టాలి. మీ పైపుకు ఒకే దఫా కాకుండా ఇలా చేయమని అడగండి: 2,000 మైక్రాన్ల దాకా దించి, పంపు వాల్వు మూసి, పొడి నైట్రోజన్ కొద్దిగా లోపలికి వదిలి, కొన్ని నిమిషాలు ఆగి, దాన్ని వదిలేసి మళ్లీ పంపు వేయాలి, ఇంకొకసారి అలాగే చేసి, మూడోసారి 500 లోపుకు దించాలి. దీనికి ఒక కారణం ఉంది. నీరు ఎక్కువగా ఉన్న చోట పంపు గట్టిగా లాగితే, మరుగుతున్న నీరు తన వేడినే పోగొట్టుకుని, పీడనం నాలుగున్నర మిల్లీమీటర్ల కిందికి పోగానే గడ్డకట్టవచ్చు. బయట మే నెల ఎండ, లోపల మంచు! ఆ మంచు ఆవిరవడానికి గంటలు పడుతుంది. నైట్రోజన్ దానికి వేడిని అందిస్తుంది, తేమను తనతో మోసుకుపోతుంది.

500 లోపుకు దిగగానే పని ముగిసిందనుకుని వాల్వులు తెరిచేవాళ్లూ ఉన్నారు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. పంపును యంత్రం నుంచి వాల్వుతో విడదీసి, పది నిమిషాలు గేజ్ అంకెను చూస్తూ కూర్చోవాలి. 350 నుంచి 450కో 500కో చేరి అక్కడే నిలిచిపోతే పైపు పొడిగా, బిగుతుగా ఉన్నట్టు. వేగంగా మొదలై 1,500, 2,000 దాకా ఎక్కి, అక్కడ మందగించి నిలిస్తే ఇంకా తేమ ఆవిరవుతూ ఉన్నట్టు. మళ్లీ పంపు వేయాలి. ఎక్కడా ఆగకుండా ఎక్కుతూనే పోతే ఏదో ఒక నట్టు నుంచి గాలి లోపలికి వస్తున్నది. ఎంతసేపు పంపు ఆడించినా లాభం లేదు, ఆ నట్టును పట్టుకోవాలి. ‘అరగంట ఆడించాం కదా’ అనే మాట కన్నా ఈ పది నిమిషాల నిలకడకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. మైక్రాన్ గేజ్ ఉన్నవాడు ఎంతకూ దొరకకపోతే, కొత్త పొట్టి పైపుకు అరగంటకు తగ్గకుండా, మీ పైపులాంటిదానికి నైట్రోజన్ తరువాత గంటకు పైగా పంపు ఆడించి, వాల్వు మూసి పావుగంట ముల్లు కదలకుండా ఉందో చూడడం తప్ప దారి లేదు. లీకేజీ పెద్దదైతే అదైనా తెలుస్తుంది.

పది రోజులు నడిచిన మీ యంత్రం గురించి. మధ్యాహ్నం మూడు గంటలకు చల్లదనం తగ్గుతున్నదని రాశారు. దాన్నొక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోలేను; ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నట్టు లెక్కగట్టి చెబుతారు, 42 డిగ్రీల్లో మంచి యంత్రం కూడా కాస్త వెనకబడుతుంది. గాలి ఉందో లేదో చూడడానికి ఇంతకన్నా నమ్మదగిన దారి ఉంది. రాత్రి ఏసీ ఆపేసి, తెల్లవారుజామున ఇంటి లోపల, బయట వేడి దాదాపు ఒకటిగా ఉన్నప్పుడు గేజ్ పెట్టి, ఔట్‌డోర్ కాయిల్ దగ్గర థర్మామీటర్‌తో వేడి చూడాలి. ఆర్‌-32 అయితే 25 డిగ్రీలకు సుమారు 230 పీఎస్‌ఐ, 30 డిగ్రీలకు సుమారు 265 పీఎస్‌ఐ ఉండాలి. దానికన్నా పది పదిహేను పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తే లోపల గాలి ఉన్నట్టే. కాని ఈ పరీక్ష గాలిని పట్టిస్తుందే తప్ప తేమను పట్టించదు. అంకె సరిగ్గా వచ్చినా గోడ పైపు చరిత్ర దృష్ట్యా నా సలహా మారదు.

వచ్చినవాడు పంప్‌డౌన్ చేద్దామంటాడు: గ్యాసంతా ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి, వాల్వులు మూసి, పైపులకు వాక్యూమ్ తీసి, మళ్లీ తెరవడం. ఇల్లు మారేటప్పుడు చేసేది అదే. మీకు అది సరిపోదు. పది రోజులు గ్యాసుతో పాటు తిరిగిన గాలి కూడా ఆ గ్యాసుతోనే వచ్చి ఔట్‌డోర్ కాయిల్‌లో చేరుతుంది. మనం ఖాళీ పైపులను శుభ్రం చేసి, చెత్తను ఔట్‌డోర్‌లో భద్రంగా మూసిపెట్టినట్టవుతుంది. ఇందులో ప్రమాదం కూడా ఉంది. పంప్‌డౌన్ చివర్లో ఏదైనా నట్టు వదులుగా ఉండి కంప్రెసర్ గాలిని లాగిందంటే, గాలి, నూనె ఆవిరి కలిసి ఒత్తిడికి మండి కంప్రెసర్ పగిలిపోవచ్చు. కాబట్టి గ్యాసును రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి పూర్తిగా తీసి, నైట్రోజన్‌తో ఊది, ఔట్‌డోర్ వాల్వులు తెరిచి మొత్తం వ్యవస్థకు వాక్యూమ్ తీసి, కొత్త గ్యాసును తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములన్నది ఔట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద ఉంటుంది. అది ఎన్ని మీటర్ల పైపు వరకు సరిపోతుందో, ఆపైన మీటరుకు ఎన్ని గ్రాములు కలపాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పీడనం చూసి ‘చాలు’ అనేవాడి చేత ఇన్వర్టర్ ఏసీకి గ్యాసు పెట్టించకండి. కంప్రెసర్ నూనె ఇప్పటికే పీల్చుకున్న తేమ మాత్రం వాక్యూమ్‌కు అంత సులువుగా రాదు, అందుకే ఈ పని వచ్చే వేసవికి వాయిదా వేయకుండా ఇప్పుడే చేయించమంటున్నాను.

ఈ పనికి ముందుగా కంపెనీ సర్వీసుకే ఫోన్ చేసి, వాక్యూమ్ లేకుండా బిగించారని, పైపు పాతదని రాతపూర్వకంగా ఫిర్యాదు నమోదు చేయించండి. బిగించే పద్ధతిలో వాక్యూమ్ తప్పనిసరి అని వాళ్ల పుస్తకంలోనే ఉంటుంది. రేపు కంప్రెసర్ వారంటీ మాట వచ్చినప్పుడు ఈ నమోదు మీకు పనికొస్తుంది. మెకానిక్ మీద నాకు కోపం లేదు. మార్చి నుంచి మే దాకా రోజుకు ఎన్ని ఏసీలు బిగిస్తే అంత కూలి అనే లెక్కలో బతికేవాడికి పంపు ముందు గంట కూర్చోవడం నష్టమే. ఆ గంటకు విడిగా డబ్బు ఇస్తానని ముందే ఒప్పుకుని, పంపు, నైట్రోజన్, తూకపు యంత్రం మూడూ తెస్తేనే రమ్మనండి.

చివర్లో వాల్వులు తెరిచేటప్పుడు తొందరలో జరిగే తప్పు ఒకటుంది. హోస్ విప్పేముందు లోపల గ్యాసు పీడనం గాలి కన్నా ఎక్కువగా ఉండాలి. లేకపోతే విప్పిన క్షణంలో గాలి మళ్లీ లోపలికి పోతుంది. తూకం ప్రకారం గ్యాసు నింపినప్పుడు ఈ చిక్కు రాదు. మామూలు కొత్త ఏసీకైతే సన్న పైపు వాల్వును అలెన్ కీతో పావు మలుపు తిప్పి కొన్ని సెకన్లు గ్యాసు రానిచ్చి, హోస్ విప్పి, అప్పుడు రెండు వాల్వులనూ పూర్తిగా తెరవాలి. వాల్వుల మీది ఇత్తడి మూతలు, సర్వీస్ పోర్టు మూత దుమ్ము పడకుండా పెట్టేవి కావు, అవి కూడా గ్యాసును ఆపే బిరడాలే. స్పానర్‌తో బిగించి, సబ్బు నురగ రాసి చూడాలి. ఆ తరువాత ఔట్‌డోర్ యూనిట్ మూత లోపలి వైపు చెరగని మార్కరుతో తేదీ, నిలిచిన మైక్రాన్లు, నింపిన గ్రాములు రాయించండి. తరువాత వచ్చే మెకానిక్ అడిగే మొదటి మూడు ప్రశ్నలు అవే.